ఏ క్లబ్‌తో ఎన్ని గజాలు: వరంగల్ వైపు గోల్ఫ్ ఆడేవారికి పోలిక, ఎంపిక సలహా

మన దగ్గర గజం అనగానే ముందు ప్లాటు గుర్తుకొస్తుంది. 200 గజాలంటే హన్మకొండలో ఇల్లు కట్టుకోవడానికి సరిపోయే జాగా. గోల్ఫ్‌లో గజం పొడవుకు కొలత కాబట్టి, ఈ ఆటకు కొత్తగా వచ్చినవారికి 140 గజాలు, 210 గజాలు అన్న మాటలు కంటికి ఆనవు. అందుకు నేను ఎకరం లెక్క వాడుతాను. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్నది గుంట, అంటే 121 చదరపు గజాలు. అలాంటి 40 గుంటలు ఎకరం. ఎకరం నలుచదరంగా ఉంటే ఒక్కో పక్క దాదాపు 70 గజాలు వస్తుంది. గోల్ఫ్ బంతిని కొట్టే సాధనమే క్లబ్. వాటిలో అన్నిటికన్నా దూరం కొట్టేది డ్రైవర్, మధ్యరకం దూరాలకు వాడేవి ఐరన్‌లు, ఐరన్ మీది అంకె పెరిగిన కొద్దీ దూరం తగ్గుతుంది. మామూలు ఔత్సాహిక ఆటగాడి 7-ఐరన్ దెబ్బ వరుసగా ఉన్న రెండెకరాల చెల్కను దాటుతుంది, డ్రైవర్ దెబ్బ మూడెకరాలు పోతుంది. డ్రైవర్‌తో 280 గజాలు కొట్టానని ఎవరైనా అన్నప్పుడు నాలుగెకరాలను కళ్లముందు పరుచుకుని చూస్తే ఆ మాట బరువు తెలుస్తుంది.

దూరం సరిగా తెలియకపోతే రెండు చోట్ల నష్టపోతాం. మొదటిది కొనేటప్పుడు: ఏ క్లబ్‌లు ఉంచుకోవాలి, పాత సెట్ చాలునా, కొత్తది కావాలా అన్నది తేలదు. రెండోది ఆడేటప్పుడు: 150 గజాల దగ్గర నిలబడి 7-ఐరన్ తీయాలా, 6-ఐరన్ తీయాలా అన్నది తేలదు. ఈ రెండింటికీ జవాబు మీ సొంత కొలతల్లోనే ఉందని నా నమ్మకం. క్లబ్ అడుగున చెక్కిన అంకెలో గానీ, తోటి ఆటగాడు చెప్పిన దూరంలో గానీ అది దొరకదు.

ముందు చూడవలసినవి

అన్నిటికన్నా ముందు చూడవలసింది క్యారీ, అంటే బంతి నేలను తాకేలోపు గాలిలో పోయే దూరం. ఏప్రిల్‌లో నేల ఎండి గట్టిపడినప్పుడు డ్రైవర్ బంతి పడ్డచోటి నుంచి 20, 30 గజాలు దొర్లవచ్చు. జూలై వానల్లో అదే బంతి పడ్డచోటనే కూరుకుపోతుంది. దొర్లే దూరం నేలను బట్టి మారుతుంది, క్యారీ చాలావరకు మీ దెబ్బను బట్టి ఉంటుంది. నీటి మడుగో ఇసుక బంకరో దాటించవలసి వచ్చినప్పుడు క్యారీ ఒక్కటే లెక్కకు వస్తుంది.

రెండోది, ఆ క్యారీ మీ మంచి దెబ్బదా, మామూలు దెబ్బదా అన్నది. ఈ విషయం నాకు ఒక పొలంలో తెలిసింది. యాసంగి వరి కోసిన తర్వాత, తెల్లవారి ఆరింటికి, ఊరి శివారులో మా బంధువుల మడిలో మనుషులు, పశువులు ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, ముగ్గుపిండితో పది గజాలకొక గీత గీసి, 7-ఐరన్‌తో 20 బంతులు కొట్టాను. నేలలో ఇంకా కొంచెం పదును ఉండడంతో బంతి పడ్డచోట కొయ్యకాళ్ల మధ్య బొటనవేలితో నొక్కినట్టు చిన్న గుంత పడింది. అక్కడి నుంచి అది ఎంత దూరం దొర్లినా, ఆ గుంత దగ్గరే క్యారీ ఆగిందని తెలిసిపోయింది. అన్నిటికన్నా దూరం పోయిన బంతి 152 గజాలు దాటింది, రెండు బంతులు 90 కూడా చేరలేదు. ఇరవై గుంతలనూ దగ్గర నుంచి దూరానికి వరుసగా లెక్కపెడితే నడిమిది 132 దగ్గర ఉంది. అప్పటిదాకా నా 7-ఐరన్ 150 పోతుందని నమ్మి, ప్రతి గ్రీన్‌కూ (జెండా పాతిన పొట్టి గడ్డి జాగా) ముందే బంతిని పడేస్తూ, తప్పు నా ఊపులో ఉందని బాధపడేవాణ్ణి.

కాబట్టి మీ దూరం అంటే ఆ నడిమి బంతి దూరం. కొత్తగా ఆడేవారి బంతులు ఎక్కువగా గ్రీన్‌కు ముందే ఆగిపోవడానికి పెద్ద కారణం, వాళ్లు తమ ఇరవైలో ఒక బంతిని చూసి క్లబ్ తీయడమే.

మూడోది, ఒక క్లబ్‌కూ దాని పక్క క్లబ్‌కూ మధ్య తేడా. అది 10 నుంచి 15 గజాల మధ్య ఉంటే మంచిది. తేడా 5 గజాలే అయితే ఆ రెండింటిలో ఒకటి దండుగ, 25 గజాలు దాటితే నడుమ ఖాళీ మిగిలినట్టు. నాలుగోది, బంతి ఎంత ఎత్తు నుంచి దిగుతుంది, గ్రీన్ మీద ఆగుతుందా లేదా అన్నది. డబ్బు సంగతి వీటి తర్వాతే చూడాలి, ఎందుకంటే సరిపోని క్లబ్ ఎంత చౌకగా వచ్చినా సంచిలో మూలకు పడి ఉంటుంది.

మూడు రకాల ఊపు, మూడు రకాల దూరాలు

కింది పట్టికలో ఉన్నవి క్యారీ దూరాలు, గజాల్లో. వుడ్ అంటే పెద్ద తల, పొడవు కర్ర ఉన్న క్లబ్, హైబ్రిడ్ అంటే వుడ్‌కూ ఐరన్‌కూ నడిమిది, వెడ్జ్ అంటే దగ్గరి దూరాలకు వాడేది. నెమ్మది అంటే డ్రైవర్ తల బంతిని తాకేటప్పుడు గంటకు 80 మైళ్ల లోపు వేగం, మధ్యస్థం అంటే 90 మైళ్ల చుట్టుపక్కల, వేగం అంటే 105 మైళ్ల దరిదాపుల్లో. వీటిని అంచనాలుగా మాత్రమే తీసుకోవాలి. మీరు ఏ నిలువు వరుసకు దగ్గరో చూసుకోవడానికి ఇవి పనికివస్తాయి.

| క్లబ్ | నెమ్మది | మధ్యస్థం | వేగం |
|---|---|---|---|
| డ్రైవర్ | 165–180 | 195–210 | 235–250 |
| 3-వుడ్ | 150–165 | 180–195 | 215–230 |
| 5-వుడ్ | 140–155 | 170–185 | 200–215 |
| 5-హైబ్రిడ్ | 130–140 | 155–170 | 185–195 |
| 5-ఐరన్ | 120–130 | 150–160 | 180–190 |
| 7-ఐరన్ | 105–120 | 130–145 | 155–170 |
| 9-ఐరన్ | 85–95 | 105–120 | 130–145 |
| పిచింగ్ వెడ్జ్ | 75–85 | 95–110 | 120–130 |
| శాండ్ వెడ్జ్ | 55–65 | 75–85 | 90–105 |

టీవీలో పీజీఏ టూర్ (పురుష వృత్తి ఆటగాళ్ల పోటీలు) చూసి దూరాలు బేరీజు వేసుకునేవారికి ఒక మాట చెప్పాలి. దెబ్బలను కొలిచే యంత్రాలు తయారుచేసే ట్రాక్‌మ్యాన్ సంస్థ విడుదల చేసి బాగా ప్రచారంలోకి వచ్చిన పాత పట్టిక ప్రకారం పీజీఏ టూర్ పురుషుల సగటు క్యారీ డ్రైవర్‌తో 275 గజాలు, 7-ఐరన్‌తో 172 గజాలు. మహిళల వృత్తి పోటీలైన ఎల్‌పీజీఏలో ఆడే మహిళలవి 218, 141. డ్రైవర్‌తో ఆ మహిళల ఊపు వేగం గంటకు 94 మైళ్లు. అదే సంస్థ సగటు ఔత్సాహిక పురుషుడికి చూపిన వేగం 93 మైళ్లకు కాస్త ఎక్కువ. అంటే వేగంలో ఇద్దరూ సమానమే. కానీ ఆ మహిళలు బంతిని గాలిలోనే 218 గజాలు పంపితే, ఔత్సాహికుడి బంతి దొర్లిన దూరంతో కలిపినా 214 దగ్గర ఆగుతోంది. బంతి క్లబ్ ముఖానికి సరిగ్గా నడుమ తగలడం, సరైన కోణంలో లేవడం ఈ తేడాకు కారణాలు. దూరం పెంచుకోవాలనుకునే మగవాళ్లు ఎల్‌పీజీఏ ఆటను శ్రద్ధగా చూస్తే తమ ఒంటికి సాధ్యమయ్యే ఆట ఎలా ఉంటుందో తెలుస్తుంది.

పాత ఐరన్‌లా, కొత్త ఐరన్‌లా

మన ప్రాంతంలో చాలామందికి మొదటి సెట్ ఇతరుల చేతి మీదుగా వస్తుంది. పట్టణంలో స్థిరపడిన బంధువో, పదవీ విరమణ చేసిన సైనికోద్యోగో ఇచ్చిన పాత సెట్‌కూ, ఇప్పుడు దుకాణంలో దొరికే సెట్‌కూ అంకెలు ఒకటే అయినా లాఫ్ట్, అంటే క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం, ఒకటి కాదు.

| క్లబ్ | పాతికేళ్ల కిందటి సెట్‌లలో లాఫ్ట్ | ఇప్పుడు కొత్తవారికి అమ్మే సెట్‌లలో లాఫ్ట్ |
|---|---|---|
| 5-ఐరన్ | 27–28 డిగ్రీలు | 22–24 డిగ్రీలు |
| 7-ఐరన్ | 34–36 డిగ్రీలు | 28–30 డిగ్రీలు |
| 9-ఐరన్ | 42–44 డిగ్రీలు | 37–39 డిగ్రీలు |
| పిచింగ్ వెడ్జ్ | 46–48 డిగ్రీలు | 42–44 డిగ్రీలు |

హైదరాబాద్‌లో ఒక దుకాణంలో వలలోకి కొట్టించి చూసినప్పుడు యంత్రం నా 7-ఐరన్‌కు 155 గజాలు చూపింది, ఆ సంతోషంలో కొనేశాను. ఇంటికి వచ్చాక చూస్తే దాని లాఫ్ట్ 29 డిగ్రీలు, నా పాత 7-ఐరన్‌ది 36. అంటే కొత్త 7-ఐరన్ నా పాత సెట్‌లోని 5-ఐరన్‌కు దగ్గర బంధువు. నా ఊపులో ఏ మార్పూ రాలేదు, క్లబ్ మీది అంకె మాత్రం మారింది.

అలాగని కొత్త ఐరన్‌లు మోసమని నేను అనను. వాటి తలలో బరువును అడుగుకూ అంచులకూ పంచడం వల్ల తక్కువ లాఫ్ట్‌తోనూ బంతి పైకి లేస్తుంది, నడుమ తగలని దెబ్బ కూడా మరీ తగ్గిపోదు. కొత్తగా మొదలుపెట్టినవారికి అది నిజమైన మేలు. ఊపు నెమ్మదిగా ఉన్నవారికి మాత్రం బంతి తక్కువ ఎత్తు నుంచి దిగి గ్రీన్ దాటి దొర్లిపోయే ఇబ్బంది ఉంటుంది. పాత సెట్ చేతిలో ఉండి 7, 8, 9-ఐరన్‌లు బాగా పడుతున్నవారు దాన్ని వదులుకోవలసిన పనిలేదు. రెండు సెట్‌లను పోల్చేటప్పుడు మాత్రం అంకెకు అంకె పెట్టకండి, లాఫ్ట్‌కు లాఫ్ట్ పెట్టండి.

పొడవు ఐరన్, హైబ్రిడ్, ఫెయిర్‌వే వుడ్

ఎంపికలో ఎక్కువ తేడా వచ్చేదీ, ఎక్కువమంది పొరపడేదీ ఇక్కడే. 3, 4, 5-ఐరన్‌లకు లాఫ్ట్ తక్కువ. లాఫ్ట్ తక్కువైన క్లబ్‌తో కొట్టిన బంతి గాలిలో నిలవాలంటే దానికి వేగమూ, వెనక్కి తిరిగే స్పిన్ కూడా చాలినంత ఉండాలి. నెమ్మది ఊపులో ఆ రెండూ చాలక బంతి లేచీలేవగానే వాలిపోతుంది. అందుకే చాలామంది సంచిలో 4, 5, 6-ఐరన్‌లు మూడూ ఒకే దూరం పోతుంటాయి. దీన్ని తేల్చుకోవడం సులువు: మీ 5-ఐరన్ నడిమి బంతి, 7-ఐరన్ నడిమి బంతి కన్నా కనీసం 18, 20 గజాలు ముందు పడకపోతే ఆ 5-ఐరన్ మీకు పనిచేయడం లేదు, దాని కన్నా పొడవైనవీ పనిచేయవు.

దాని స్థానంలో హైబ్రిడ్ పెట్టుకోవాలా, 5-వుడ్ గానీ 7-వుడ్ గానీ పెట్టుకోవాలా? హైబ్రిడ్ కర్ర సుమారు 40 అంగుళాలు, ఫెయిర్‌వే వుడ్‌ది 42 నుంచి 43. కర్ర పొట్టిదైన కొద్దీ బంతిని నడుమ తగిలించడం తేలిక. హైబ్రిడ్ చిన్న తల ఏపుగా పెరిగిన గడ్డిని చీల్చుకుంటూ పోతుంది, ఎండకు గడ్డి పలచబడి మట్టి తేలిన నేల మీద దాని వెడల్పాటి అడుగు పాతుకుపోకుండా జారుతుంది. మన ఎండాకాలపు నేలల మీద ఈ గుణం చాలా విలువైనది. ఐరన్‌తో బంతికి అరంగుళం వెనక తగిలితే సగం దూరం పోతుంది, హైబ్రిడ్‌తో ఆ తప్పు చాలావరకు మాఫీ అవుతుంది. వుడ్ మేలు ఎత్తులో ఉంది. 20 నుంచి 22 డిగ్రీల 7-వుడ్ బంతిని పైకి లేపి మెత్తగా దింపుతుంది కాబట్టి, నెమ్మది ఊపు ఉన్న మహిళలకూ, అరవై దాటినవారికీ దూరం నుంచి గ్రీన్ మీద బంతిని ఆపడానికి అంతకన్నా తేలికైన క్లబ్ లేదు. వేగంగా ఊపేవారికి హైబ్రిడ్ బంతి ఎడమకు లాగుకుపోయే గుణం ఉంటుంది. అలాంటివారు 4-ఐరన్‌నే ఉంచుకోవచ్చు, కానీ పై ఇరవై బంతుల పరీక్షలో అది నిలబడాలి.

డ్రైవర్, 3-వుడ్

ఇక్కడ చెప్పవలసింది తక్కువ. టీ (మొదటి దెబ్బకు బంతిని నిలిపే చిన్న పుల్ల) మీద నుంచి 3-వుడ్ తేలికని అందరూ అంటారు. కర్ర రెండంగుళాలు పొట్టి, లాఫ్ట్ 15 డిగ్రీలు కాబట్టి అందులో నిజం ఉంది. అయితే 460 ఘన సెంటీమీటర్ల దాకా ఉండే ఇప్పటి డ్రైవర్ తల తప్పు దెబ్బను 3-వుడ్ కన్నా బాగా కాచుకుంటుంది. రెండూ ఒకే దూరం పోతున్నాయంటే చాలాసార్లు తప్పు డ్రైవర్ లాఫ్ట్‌ది. నెమ్మది ఊపుకు 9 డిగ్రీల డ్రైవర్ సరిపోదు, 12 డిగ్రీలది తీసుకోవాలి.

వెడ్జ్‌ల మధ్య ఖాళీ

కొత్త సెట్‌తో వచ్చే పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు, విడిగా కొన్న శాండ్ వెడ్జ్ 56 డిగ్రీలు అనుకుందాం. నడుమ 13 డిగ్రీల ఖాళీ ఉంది. మధ్యస్థ ఊపులో ఆ ఖాళీ దాదాపు 25 నుంచి 30 గజాలు. ఔత్సాహికుల మూడో దెబ్బ ఎక్కువగా వచ్చి పడేది సరిగ్గా ఆ 80, 100 గజాల మధ్యనే. అక్కడ 49 లేదా 50 డిగ్రీల గ్యాప్ వెడ్జ్ ఒకటి కొనడం, 4-ఐరన్ కొనడం కన్నా ఎన్నో రెట్లు మేలు. పాత సెట్‌లో పిచింగ్ వెడ్జ్ 47, 48 డిగ్రీలే కాబట్టి ఆ కొరత అంతగా తెలియదు. 60 డిగ్రీల లాబ్ వెడ్జ్‌ను మొదటి రెండేళ్లూ ఎవరికీ చెప్పను.

ఎవరికి ఎన్ని క్లబ్‌లు

నిబంధనల ప్రకారం సంచిలో 14 క్లబ్‌లకు మించకూడదు. అన్నీ ఉండాలని మాత్రం ఎక్కడా లేదు.

నెలకొకసారి కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, గోల్కొండ కోట పక్కనున్న గోల్ఫ్ కోర్సులోనో గచ్చిబౌలి బండల నడుమ ఉన్న కోర్సులోనో ఆడివచ్చేవారికి ఏడు క్లబ్‌ల సగం సెట్ చాలు: 12 డిగ్రీల డ్రైవర్, 5-హైబ్రిడ్, 6, 8-ఐరన్‌లు, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్). ఒక్కో క్లబ్ మధ్య తేడా 20 గజాలు ఉంటుంది నిజమే. కానీ మీ సొంత దెబ్బల చెదురే 30 గజాలు ఉన్నప్పుడు 10 గజాల తేడాతో క్లబ్‌లు పేర్చడం వల్ల ఒరిగేది లేదు. సంచి భుజాన వేసుకుని రైల్లో పోవడానికీ ఇదే తగింది.

క్రికెట్ ఆడి వచ్చిన కుర్రవాళ్లకు చేతివేగం ఎక్కువ, బంతి కుడివైపుకు వంగడమూ ఎక్కువ. వీళ్లు దూరాల పట్టికలో ‘వేగం’ నిలువు వరుస చూసి మురిసిపోకుండా, బంతి ఎంత వెడల్పున చెదురుతోందో ముగ్గు గీతలకు అడ్డంగా కూడా కొలుచుకోవాలి. వీరికి పూర్తి ఐరన్‌ల సెట్ త్వరలోనే అవసరమవుతుంది.

మహిళలకు, పెద్దవారికి నేను 6-ఐరన్ కన్నా పొడవైన ఐరన్ ఏదీ చెప్పను. డ్రైవర్, 5-వుడ్, 7-వుడ్, 5-హైబ్రిడ్, 6-ఐరన్ నుంచి కిందికి ఐరన్‌లు, రెండు వెడ్జ్‌లు ఉంటే వారి దూరాల మధ్య ఎక్కడా ఖాళీ మిగలదు. ఇంట్లో మగవారి పాత బరువైన స్టీలు కర్రల సెట్‌ను వారికి అంటగట్టడం అన్యాయం. తేలిక గ్రాఫైట్ కర్రతో అదే మనిషికి దూరమూ, ఎత్తూ రెండూ పెరుగుతాయి.

దూరం కొలిచే దారులు

పొలంలో గీతలు గీసి కొలవడానికి డబ్బు అక్కర్లేదు, క్యారీ కచ్చితంగా తెలుస్తుంది. శ్రమ ఎక్కువ, ఖాళీ స్థలం దొరకాలి, 46 గ్రాముల గట్టి బంతి ఎవరికీ తగలకుండా చూసుకోవాలి. డ్రైవింగ్ రేంజ్‌లో (బంతులు కొట్టే సాధన మైదానంలో) సులువే గానీ అక్కడి అరిగిన బంతులు మంచి బంతి కన్నా తక్కువ దూరం పోతాయి. పైగా చాప మీద క్లబ్ జారడం వల్ల వెనక తగిలిన దెబ్బ కూడా మంచి దెబ్బలాగే కనిపిస్తుంది. కొలత యంత్రం స్పిన్, కోణం అన్నీ చెబుతుంది. ఏడాదికొకసారి గంటసేపు దాని ముందు నిలబడితే చాలు, అదీ సగటు చూడడానికే. లేజర్ దూరమాపిని 2019 నుంచి నిబంధనలు మామూలుగానే అనుమతిస్తున్నాయి, ఎత్తుపల్లాల లెక్క చూపే సదుపాయాన్ని మాత్రం పోటీలో వాడకూడదు. జెండా ఎంత దూరంలో ఉందో అది చెబుతుంది, మీ 7-ఐరన్ ఎంత పోతుందో చెప్పదు. అందుకే దాన్ని కొనడం పొలం పని అయ్యాక పెట్టుకోండి.

కొలిచిన దూరాలను కాలాన్ని బట్టి కొంచెం సవరించుకోవాలి. వేడి గాలి పలచన కాబట్టి మే నెలలో బంతి డిసెంబరు ఉదయం కన్నా కొన్ని గజాలు ఎక్కువ పోతుంది. సముద్రమట్టానికి ప్రతి 1,000 అడుగుల ఎత్తుకూ సుమారు ఒక శాతం దూరం పెరుగుతుంది. వరంగల్ కన్నా హైదరాబాద్ దాదాపు 900 అడుగులు ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడి 200 గజాలు అక్కడ 202 అవుతాయి, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. గాలిని మాత్రం పట్టించుకోవాలి. ఎదురుగాలి తగ్గించేంతగా వెనకగాలి దూరం పెంచదు.

150 గజాల దగ్గర

ఇప్పుడు ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కూ నడుమ కత్తిరించిన గడ్డి దారి) మీద తెల్ల గుర్తు దగ్గర నిలబడ్డారనుకోండి. చాలా కోర్సుల్లో అది 150 గజాల గుర్తు, ఎక్కువగా గ్రీన్ నడిమికి కొలిచినది. గ్రీన్ లోతు 30 గజాలైతే ముందంచు 135 దగ్గర, వెనకంచు 165 దగ్గర ఉంటాయి. మీ 7-ఐరన్ నడిమి బంతి 132 అయితే సగానికి పైగా బంతులు గ్రీన్‌కు ముందే పడతాయి. 6-ఐరన్ 143 అయితే సగానికి పైగా గ్రీన్ మీద పడతాయి. 5-హైబ్రిడ్ 158 పడి దొర్లితే వెనకంచు దాటవచ్చు. గ్రీన్ ముందు బంకర్ ఉండి వెనక ఖాళీ గడ్డి ఉంటే నేను హైబ్రిడ్ తీస్తాను. ముందు ఖాళీగా ఉండి వెనక నీళ్లుంటే 6-ఐరన్ తీస్తాను. 7-ఐరన్‌ను మాత్రం ఈ రెండు సందర్భాల్లోనూ సంచిలోనే ఉంచుతాను.